మా అమ్మాయి యెన్నుకొన్న చదువు

ఆడపిల్లను చదివింపవచ్చునా యను ప్రశ్న మన యిండ్లలో నిపుడు వినబడుట లేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిననాడు ఆ ప్రశ్నకు ఊరూర ఉత్తరము చెప్పుకొనవలసివచ్చెను. నేడు దాని స్థానమున మఱియొక ప్రశ్న వచ్చి కూర్చున్నది. ఆడపిల్లకు ఏ చదువు తగును? దీనికి సమాధానము చెప్పువారు ఇంటినిండ నుందురు. చదువబోవు పిల్లను మాత్ర మడుగువారు అరుదు. 2024 వ సంవత్సరపు వేసవిలో మా యింట జరిగిన ముచ్చటను, అందులో నేను చేసిన తప్పులతోగూడ, చదువరులకు విన్నవించుచున్నాను. ఇట్టి సందర్భము ఏ యింటనైనను రాగలదు గనుక నా తప్పులు కొందఱికైనను ఉపయోగపడునని నమ్మకము.

మాది మైలవరము. ఒకప్పుడు జమీందారుల కోటయు, బాలభారతీ నాటకసమాజమును మా యూరికి పేరు తెచ్చినవి. నేడు మామిడితోటలును, ఇంజనీరింగు కళాశాలయు తెచ్చుచున్నవి. ముప్పది సంవత్సరములు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి పని విరమించినవాడను నేను. మా యమ్మాయి విజయవాడలో భౌతికశాస్త్రము ముఖ్యవిషయముగా బి.యస్సి. ముగించెను. ఇక కంప్యూటరు నేర్చి హైదరాబాదు పోవుననియు, కానిచో బి.యెడ్. చదివి నా త్రోవనే వచ్చుననియు అందఱమును తలచుచుంటిమి. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప ఆమె, "నాన్నా, నేను మెడికల్ ఫిజిక్సు చదువుదును" అనెను. అదేమియో నాకు సరిగా తెలియదు. ముప్పది యేండ్లు ఆ శాస్త్రమునే బోధించి జీతము తీసికొన్నవాడను, దానికి అట్టి శాఖ యొకటి యున్నదని యెఱుగనందుకు ఆ రాత్రి సిగ్గుపడితిని.

పిమ్మట తెలిసికొన్నదానిని చెప్పెదను. 1895 నవంబరు 8 వ తేదీన రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌కిరణములను గనిపెట్టెను. 1898 లో క్యూరీదంపతులు రేడియమును గనిపెట్టిరి. కొలది కాలములోనే వైద్యులు ఈ కిరణములను రాచపుండుపై ప్రయోగింపసాగిరి. అయితే ఎంత ప్రయోగింపవలెను? మందును త్రాసులో తూచవచ్చును. కంటికి గనబడక, చేతికి తగులక, వాసనయు రుచియు లేక పోవు కిరణమును దేనితో తూచవలెను? ఎక్కువైనచో మంచి శరీరము మాడును. తక్కువైనచో వ్రణము తిరిగి పెరుగును. వైద్యుడు వ్యాధిని నిర్ణయించి ఇంత మోతాదు ఈ భాగమునకు పడవలెనని వ్రాయును. ఆ మోతాదు ఆ భాగమునకే, అంతియే పడునట్లు లెక్కకట్టి, యంత్రమును కొలిచి, సరియని చేవ్రాలు చేయువాడు వైద్యభౌతికశాస్త్రజ్ఞుడు. రోగి శరీరమునకు బడు మోతాదు ఉద్దేశించినదానికి నూటికి అయిదువంతులకంటె ఎక్కువగా తేడాపడరాదని ఒక అంతర్జాతీయసంఘము ఏనాడో సూచించియున్నది.

ఇది విన్నప్పుడు సులభముగా దోచును. కోబాల్టు యంత్రములోని ద్రవ్యము తనంత దానే క్షీణించుచుండును. దాని బలము సుమారు అయిదేండ్ల మూడునెలలకు సగమగును. అనగా నెలకు నూటికొకవంతు చొప్పున తగ్గును. లెక్క మార్చుట మఱచినవాడు రోగికి తెలియకయే మందు తగ్గించినవాడగును. పనామాదేశమున 2000-2001 సంవత్సరములలో ఒక చికిత్సాలయమున, కిరణములకు అడ్డుగా బెట్టు దిమ్మెల వివరములను కంప్యూటరునకు అందించు పద్ధతిని మార్చిరి. కంప్యూటరు తప్పుడు కాలమును లెక్కించి యిచ్చెను. 28 మంది రోగులకు మితిమీరిన మోతాదు తగిలెను. యంత్రము చెడలేదు, ఎవరును దురుద్దేశముతో చేయలేదు, చేతితో నొకసారి లెక్క సరిచూచినచో బయటపడియుండెడిది. మా మైలవరపు కొండలలో బుట్టిన బుడమేరు మాకు కాలువవలె గనబడును. ఆ యేరే 2024 సెప్టెంబరులో విజయవాడలో సగమూరిని ముంచెను. చిన్నదిగదాయని విడిచిన తప్పు దిగువ నెవరి యింటిలో ప్రవేశించునో చెప్పలేము.

మా యమ్మాయికి ఈ యాలోచన ఎక్కడినుండి వచ్చెను? దానికి ఎనిమిదేండ్లు వెనుకకు పోవలెను. 2016 వేసవిలో నా భార్యకు రొమ్ములో రాచపుండు కనబడెను. శస్త్రచికిత్సయైన పిదప ఇరువదియైదు దినములు రేడియేషను చికిత్స చేయవలెనని వైద్యులు చెప్పిరి. వారమునకు అయిదు దినములు చొప్పున అయిదువారములు, తెల్లవారుజామున మైలవరములో బస్సెక్కి విజయవాడకు పోవుచుంటిమి. బడికి సెలవులు గనుక అమ్మాయియు మాతో వచ్చుచుండెను. మూడవవారమున ఒక సోమవారమునాడు ఎంతసేపైనను లోనికి బిలువలేదు. తిరువూరునుండి వచ్చినవారు, నూజివీడునుండి వచ్చినవారు, ముసలివారు, పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లి, అందఱమును బల్లలపై గూర్చుండి చూచుచుంటిమి. యంత్రము బాగుగనే యున్నదట. కాని లోపలనున్న యువకు డొకడు దానిని నడుపనీయుట లేదట. నేను లేచిపోయి అతనిపై కేకలు వేసితిని. రోగుల బాధ తెలియదా యంటిని, జీతములు తీసికొనుట తెలియునా యంటిని. అతడు నిలుచుండి అంతయు విని, "మాస్టారూ, ఉదయపు కొలత సరిగా రాలేదండీ. ఎందుకు రాలేదో తేలువఱకు ఎవరిని ఆ బల్లమీద పడుకొనబెట్టను" అని మాత్రము చెప్పి లోనికి పోయెను. మధ్యాహ్నము తిరిగిన పిదప చికిత్స మొదలుపెట్టిరి. రాత్రి బస్సులో వచ్చుచు త్రోవపొడుగునను నేను సణుగుచునే యుంటిని. అమ్మాయి, "నాన్నా, ఆయన కొలిచినది దేనిని?" అని యడిగెను. "ఏదో మీటరులే" అంటిని. భౌతికశాస్త్రోపాధ్యాయుడు తన కూతునకు చెప్పిన సమాధానమది. నేను ఆ ప్రశ్నను ఆ రాత్రియే మఱచితిని. ఆమె మఱవలేదు.

ఇక 2024 కు వచ్చెదను. సంగతి బంధువులకు తెలిసినంతనే మా వసారా న్యాయసభ యయ్యెను. మా యన్నగారు, "డాక్టరు కాదు, ఇంజనీరు కాదు, శుభలేఖలో పిల్ల పేరు ప్రక్కన ఏమని అచ్చువేయింతువురా?" అనిరి. మా యక్కగారు ఇంకను సూటిగా మాటలాడిరి. "ఆ కిరణములు తగిలిన ఆడదానికి బిడ్డలు పుట్టరట. తెలిసి తెలిసి ఎవరు చేసికొందురు? తమ్ముడూ, నీకు మతి యున్నదా?" అనిరి. చదువరులారా, నేనేమి చేసితినో వినుడు. ఏమియు చేయలేదు, తల వంచుకొని కూర్చుంటిని. పరుల బిడ్డలకు మేరీక్యూరీ జీవితమును ప్రతి సంవత్సరము కథవలె చెప్పి వారిచేత చప్పట్లు కొట్టించినవాడను, నా బిడ్డవంతు వచ్చునప్పటికి మా యక్క భయమునే నా గుండెలో దాచుకొని యుంటిని. మాటలలోని సంస్కరణము గడప దాటి లోనికి వచ్చుట ఎంత కష్టమో నా కానాడు తెలిసినది.

అమ్మాయి కోపపడలేదు. "అత్తయ్యా, నీ భయము ఉత్తది కాదు" అని మొదలుపెట్టెను. తొలినాళ్లలో ఈ కిరణములతో పనిచేసినవారు జాగ్రత్త యెఱుగక చేతులు పోగొట్టుకొనిరి, ప్రాణములు పోగొట్టుకొనిరి. అట్టివారి పేరులు చెక్కిన శిలాస్తంభము 1936 లో హాంబర్గు నగరమున నిలిపిరి. మేరీక్యూరీయు 1934 లో రక్తక్షీణతతోనే మరణించెను. ఆ మరణములనుండియే నేటి నియమములు పుట్టినవి. మన దేశమున 1983 లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణమండలి, ఈ పనిచేయువారికి తగులదగిన కిరణములకు హద్దు గీసినది: అయిదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు, ఏ యొక్క యేటను 30 మించరాదు. ప్రకృతిసిద్ధముగా నేలనుండియు ఆకాశమునుండియు ప్రపంచమున సగటు మనుష్యునికి ఏటికి సుమారు 2.4 తగులుచునే యుండును. పనిచేయువారు ఱొమ్మున బిళ్ల యొకటి ధరింతురు. దానిని మూడునెలలకొకసారి పరీక్షించి లెక్క వ్రాయుదురు. చికిత్స జరుగునపుడు రోగి తప్ప ఎవరును గదిలో నుండరు. గోడలు మందమైన కాంక్రీటుతో గట్టబడును. గర్భవతియైన ఉద్యోగిని ఆ సంగతి తెలిపిన పిమ్మట కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించి తగులకుండ పని యేర్పాటు చేయవలయును. "ఆ గోడ ఎంత మందముండవలెనో లెక్కకట్టుటయు నేను నేర్వబోవు చదువులోనిదే, అత్తయ్యా" అని ముగించెను. మా యక్కగారు, "ఏమో తల్లీ, లెక్కలు నాకు తెలియవు" అనిరి గాని లేచిపోలేదు.

అప్పుడు అంతవఱకు నోరు విప్పని నా భార్య మాటలాడెను. "వదినా, ఆ బల్లమీద ఇరువదియైదు దినములు పడుకొన్నదానను నేను. తలుపు మూసికొని అందఱును బయటికి పోయెడివారు. గదిలో నేనును ఆ యంత్రమును. అది సరిగా నున్నదో లేదో నా కేమి తెలియును? ఎవరో ముందే చూచియుండిరి. మీ తమ్ముడు ఆనాడు కేకలువేసిన పిల్లవాడే చూచియుండెను. వాని తల్లి, ఈ పని మనకు వలదురా యని వానిని ఆపియున్నచో నేను నేడిక్కడ కూర్చుందునా? ఎవరి బిడ్డయో ఆ పని చేయవలెను, మన బిడ్డ మాత్రము చేయరాదు. ఇదియా మనము చెప్పవలసినది?" అనెను. ఆ మాటకు సభలో ఉత్తరము లేదు. మా యక్కగారి భయము తీరినదని నేను చెప్పజాలను, నేటికిని తీరలేదు. కాని మఱునాడు ఆమెయే అమ్మాయిని పిలిచి, దరఖాస్తులకు రుసుము కావలెనేమో యడిగిరి.

చదువవలెనని నిశ్చయించుట ఒకటి, ఎచట చదువవలెనో నిశ్చయించుట మఱియొకటి. ఇందు నా రెండవ తప్పు జరిగెను. విజయవాడలో విదేశవిద్యకు పంపు మధ్యవర్తి యొకడు, అద్దాలగదిలో గూర్చుండబెట్టి చల్లని పానీయమిచ్చి, ఒక దూరదేశపు విశ్వవిద్యాలయపు పటము చూపి, పేరులో మెడికల్ ఫిజిక్సు అని యున్న చదువొకటి సిద్ధముగా నున్నదనియు, ఆ వారములోనే కొంతసొమ్ము కట్టవలెననియు చెప్పెను. మామిడితోటలో రెండెకరములు అమ్మిన సరిపోవునని నేను మనసులో లెక్కవేసికొనుచుంటిని. అమ్మాయి అతనిని మూడు ప్రశ్నలడిగెను. ఆ దేశమున ఈ చదువును గుర్తించు సంఘము దీనిని గుర్తించినదా? చదువైన తరువాత చికిత్సాలయమున శిక్షణ యెవరిత్తురు? తిరిగివచ్చినచో మన నియంత్రణమండలి దీనిని ఒప్పుకొనునా? అతడు మొదటిదానికి నవ్వెను, రెండవదానికి కనుగొని చెప్పెదననెను, మూడవదానికి, "అమ్మాయీ, పోయినవారు తిరిగి వత్తురా?" అనెను. మేము లేచి వచ్చితిమి. ఆ మూడవ సమాధానము నన్ను చాలనాళ్లు బాధించెను.

అమెరికాను నేను నిందించుట లేదు. టెక్సాసులోనున్న మా యన్నగారి కుమారుడు ఫోనులో నిజము చెప్పెను. అచట ఈ విద్యను పరీక్షించి గుర్తించు సంఘమొకటి కలదు. విస్కాన్సిన్, డ్యూక్ వంటి విశ్వవిద్యాలయముల చదువులకు ఆ గుర్తింపు కలదు. కాని 2014 నుండి, గుర్తింపుగల చికిత్సాలయమున రెసిడెన్సీ యను శిక్షణ ముగించినవారు గాని ఆ దేశపు పట్టాపరీక్షలను పూర్తిచేయుటకు వీలులేదు. ఆ శిక్షణకు పోటీ మెండు. పట్టభద్రులందఱికిని స్థానము దొరకదు. అప్పుచేసి పోయిన పిల్లకు ఆ తలుపు తెఱవబడనిచో పరాయిదేశమున నడిదారిలో నిలువవలసివచ్చును. ఇటలీలో ట్రియెస్టె నగరమున, అబ్దుస్సలాము పండితుడు 1964 లో స్థాపించిన అంతర్జాతీయ భౌతికశాస్త్రకేంద్రము, ఆ నగరపు విశ్వవిద్యాలయముతో గలిసి వెనుకబడిన దేశములవారికొఱకు రెండేండ్ల వైద్యభౌతికవిద్యను నడుపుచున్నది. రెండవయేడు పూర్తిగా ఆసుపత్రిలోనే గడచును. అది మంచి త్రోవయే. కాని దానిని తరువాతకు ఉంచుకొందునని అమ్మాయి యనెను.

మన దేశమున త్రోవలు రెండు. భౌతికశాస్త్రమున ఎం.యస్సి. చేసి, పిమ్మట రేడియలాజికల్ ఫిజిక్సులో డిప్లొమా చదువుట యొకటి. బొంబాయి ట్రాంబేలోని భాభా అణుపరిశోధనకేంద్రము 1962 నుండి ఇట్టి శిక్షణ నిచ్చుచున్నది. మెడికల్ ఫిజిక్సులోనే ఎం.యస్సి. చేయుట రెండవది, మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయము, రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాల మున్నగునవి దీనిని నేర్పుచున్నవి. ఏ త్రోవను పోయినను తగిన సామగ్రిగల రేడియేషను చికిత్సాలయమున పండ్రెండు నెలల శిక్షణ పొందనిదే నియంత్రణమండలి యెవరిని వైద్యభౌతికశాస్త్రజ్ఞులుగా నంగీకరింపదు. ఆ పిమ్మట కిరణరక్షణాధికారి పదవికి వేఱుగా పరీక్ష కలదు. కావున తరగతిగదిలో మంచి పాఠములు చెప్పుట చాలదు. పెద్ద చికిత్సాలయము ప్రక్కన నుండవలెను, అందు పలువిధములైన యంత్రములుండవలెను, విద్యార్థి వానిని తన చేతితో కొలువగలుగవలెను. మా యమ్మాయి ఒక కాగితముపై గళ్లు గీసి, ఒక్కొక్క సంస్థకు ఎదుట ఈ విషయములను వ్రాసికొని, అచట చదివినవారిని ఫోనులో నడిగి నింపెను. విశ్వవిద్యాలయపు కీర్తి యను గడి ఆ కాగితమున లేదు. నేను ఎందుకు లేదంటిని. "అది రోగికి తెలియదు నాన్నా" అనెను.

ఆమె రెండుమూడు చోట్లకు దరఖాస్తు పెట్టి ప్రవేశపరీక్షలు వ్రాసెను. రాయవేలూరున స్థానము దొరకెను. ఆ సంస్థ చరిత్ర మన సోదరీమణులు ఎఱుగదగినది. పురుషవైద్యుని ఇంటిలోనికి రానీయనందున ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనతో మరణించుట చూచి, ఐడా స్కడ్డరు అను యువతి వైద్యము నేర్చివచ్చి 1900 లో ఒకే మంచముతో చికిత్స మొదలుపెట్టెను. 1918 లో స్త్రీలకొఱకు వైద్యపాఠశాల తెఱచెను. అట్లే అడయారులోని కాన్సరు సంస్థ 1954 లో ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికతో స్త్రీలసంఘము స్థాపించినది. ఆమె సోదరి రాచపుండుతోనే మరణించెను. దక్షిణదేశమున ఈ వ్యాధితో పోరాడు గొప్ప గృహములలో కొన్నింటికి పునాదులు స్త్రీలు వేసినవే. ఆడపిల్లకు ఈ చదువు తగునా యని మేము వసారాలో తర్కించినది ఇట్టి దేశములో!

పిల్లల చదువునుగూర్చి ఆలోచించు తల్లిదండ్రులకు నేను చెప్పదగినది స్వల్పము. చదువుపేరు చూచి మోసపోకుడు. ఆ చదువునకు అధికారముగల మండలి గుర్తింపు కలదో లేదో మీరే విచారింపుడు. చేతిపని నేర్పు శిక్షణ ఎచట, ఎంతకాలము, ఎవరివద్ద అని వ్రాతమూలముగా నడుగుడు. ఈ వారమే సొమ్ము కట్టుమను వానివద్దనుండి ముందు లేచి రండు. మీ భయము నిజమైనచో దాచుకొనక పిల్ల యెదుట పెట్టుడు; దాచిన భయమునకు ఎవరును సమాధానము చెప్పజాలరు.

చేరుటకు పోవునాడు విజయవాడలో రైలెక్కి మేము ముగ్గురమును తెల్లవారునప్పటికి కాట్పాడిలో దిగితిమి. ఆసుపత్రిముందు సగముమంది తెలుగే మాటలాడుచుండిరి. చేతిలో కాగితముల కట్టలు, ముఖములలో మేము 2016 లో మోసిన దిగులే. నా భార్య వారిలో ఒకరి ప్రక్కన కూర్చుండి ఎచటినుండి వచ్చితిరని యడుగసాగెను. నేను ఆ విజయవాడ యువకుని తలచుకొంటిని. అతని పేరైన నేనానాడు అడుగలేదు. ఇప్పుడు క్షమాపణ చెప్పుకొందమన్నను ఎచట నున్నాడో తెలియదు.

మొన్న అమ్మాయి ఫోను చేసినది. నీటితొట్టెలో చిన్న చాంబరు నుంచి కిరణమును కొలుచుట నేర్పుచున్నారట. మూడుసార్లు కొలిచి మూడును కుదిరినగాని గురువుగారు ఒప్పుకొనరట. "నాన్నా, ఆనాడు ఆయన కొలిచినది దీనినే" అనెను. నా చేతినుండి ఫోను తీసికొని వాళ్లమ్మ అడిగినది ఒక్కటే మాట.

"సరిగా వచ్చినదా, తల్లీ?"

"మొదట రాలేదమ్మా. మరల చేసితిమి. వచ్చినది."